ఐదు సెంటీమీటర్ల ఆక్రమణ

ఎర్రబావి మండలంలోని పదకొండు వేల మంది రైతులు ఒకే ఏడాదిలో, ఒకే దిక్కుకు, ఒకే కొలతలో పక్కవాడి పొలంలోకి జరిగారని కంప్యూటరు చెప్పినప్పుడు, మండల సర్వేయరు దస్తగిరయ్య మొట్టమొదట చేసిన పని యంత్రాన్ని మెత్తటి గుడ్డతో తుడవడం. తుడిచి మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అదే లెక్క. ప్రతి పొలం ప్రతి మూలా ఐదు సెంటీమీటర్లు ఈశాన్యానికి జరిగి కూర్చుంది.

దస్తగిరయ్యది పాత కాలపు చెయ్యి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇనప గొలుసుతో కొలతలు మొదలుపెట్టినవాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు హద్దురాయి వెతికేవాడు, దాన్ని చేతికర్రతో రెండుసార్లు తట్టేవాడు, అటు రైతునీ ఇటు రైతునీ పిలిచి "ఇదేనా రాయి?" అని అడిగేవాడు. ఇద్దరూ అవునంటే అక్కడినుంచి గొలుసు పరిచేవాడు. తప్పు కొలత రాశాడని ఇన్నేళ్ళలో ఒక్కరూ అర్జీ పెట్టలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే పైకి ఏమీ అనడు గాని లోపల మహా సంబరపడతాడు.

ఇప్పుడు గొలుసులు పోయాయి. ఉపగ్రహంతో నేరుగా మాట్లాడే రోవర్ యంత్రం వచ్చింది. కిందటేడు శాఖవారు ఆ యంత్రంతో జిల్లాలోని ప్రతి పొలం మూలనూ కొలిచి కంప్యూటర్లో పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. ఊరికే ఉండలేని మహానుభావుడెవరో రాజధానిలో కూర్చుని 'రెండు సెంటీమీటర్ల నియమం' రాశాడు. ఏటా అన్ని మూలలూ మళ్ళీ కొలవాలి. రెండు సెంటీమీటర్లకు మించి తేడా వస్తే అది ఆక్రమణ. ఆక్రమించిన పొలం ఖాతా కంప్యూటర్లో ఎర్రబడుతుంది. ఎర్ర ఖాతాకు అమ్మకం లేదు, భాగపంపకం లేదు, కరెంటు కనెక్షన్ లేదు.

తాసీల్దారు హైమావతి ఫోన్లోనే అరిచింది.

"మండలం మొత్తం ఆక్రమణ ఏందండీ? ఎవరు ఎవరిది ఆక్రమించినట్టు?"

"అందురూ అందురిదీ మేడం. ఈశాన్యం పక్కకి."

ఆమె కాస్త మెత్తబడిన గొంతుతో, "ఈశాన్యం పెరగడం వాస్తు ప్రకారం మంచిదే కదా," అంది.

వాస్తు సంగతి కంప్యూటరుకు తెలియదు గనక ఆ వారమే నోటీసులు అచ్చు వేసింది. ఒక్కో రైతుకు రెండు. నైరుతి పక్కవాడు మీ భూమిని ఆక్రమించాడు, ఫిర్యాదు చేసుకోండి అని ఒకటి. ఈశాన్యం పక్కవాడి భూమిని మీరు ఆక్రమించారు, సంజాయిషీ ఇవ్వండి అని ఇంకొకటి. నిన్నటిదాకా ఒకే బీడీ పంచుకున్నవాళ్ళు నోటీసులు చేతబట్టుకుని ఒకరి మొహం ఒకరు ఎగాదిగా చూసుకున్నారు.

నల్లగుండ్లపల్లె నుంచి సుంకులమ్మ రెండు కాగితాలూ కొంగున కట్టుకుని మండలాఫీసుకు వచ్చింది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. ఉన్నది ఒక ఎకరా, దాంట్లో అరవై చీనీ చెట్లు, అంటే బత్తాయిలు. ఎనిమిదేళ్ళు బిడ్డల మాదిరి సాకితే ఈ ఏడు కొమ్మలు వంగేలా కాపు పట్టాయి. పట్టిన నెలకే పాత బోరు ఎండిపోయింది. రెండు చోట్ల వేయించినా దుమ్మే లేచింది. మూడో బోరులో మూడించుల నీళ్ళు పడ్డాయి. మోటారు దించి పెట్టుకుంది. ఇక కావలసింది కరెంటు ఒక్కటే.

"లైన్‌మన్‌ని అడిగితే కంప్యూటర్లో నీ భూమి ఎర్రగ వస్తాందమ్మా, తీగ లాగేదానికి లేదంటాడు సారూ," అంది. "నేను గెనుమ గట్టు మింద గడ్డపార కూడా పెట్టలేదు. యాడ ఆక్రమించినానో నువ్వే వచ్చి చూపియ్యి."

"నువ్వేం చేయలేదు లేమ్మా. అందురివీ అట్లే వచ్చినాయి."

"అందురి చెట్లూ ఎండిపోవు గదా సారూ. నా చెట్లు ఎండిపోతాండాయి. ఇంకొక నెల తట్టుకుంటాయేమో. పిందె రాలేది మొదులుపెట్టింది."

నెలలోపల ఏదో ఒకటి చేద్దామన్నాడు దస్తగిరయ్య. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ శాఖలో పని చేసి కూడా అంత ధైర్యంగా ఆ మాట ఎలా అనగలిగాడో మనకు తెలియదు.

మిగిలిన మండలాలదీ ఇదే కథ అని తేలడంతో జిల్లా కేంద్రంలో అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షత వహించినవారు భూకొలతల శాఖ జాయింట్ డైరెక్టర్ ఆనందవర్ధన్ గారు. నిలబడినా కూర్చున్నా ఫైలు చదువుతున్నట్టే మాట్లాడటం ఆయన అలవాటు. నిపుణుడి కింద మస్తాన్‌వలి గారిని పిలిపించారు. డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ ఆయన. ముప్పై ఏళ్ళ తర్వాత తన పాఠం వినడానికి ఇంతమంది పెద్దలు కూర్చున్నారన్న సంతోషంతో నల్లబల్ల కూడా అడిగి తెప్పించుకున్నారు.

"భూమి పైపొర గట్టిది," అని మొదలుపెట్టారు మస్తాన్‌వలి. "పైన మట్టీ రాయీ ఉండే పటలం, దాని కింద ఇంకొంత గట్టి రాయి, రెండూ కలిపితే శిలావరణం. వంద కిలోమీటర్లు, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువ మందం. అది ఒకే ముక్క కాదు, పెంకులు పెంకులుగా పగిలి ఉంది. ఒక్కో పెంకును పలక అంటాం. కింద ఉన్న రాయి వేడికి మెత్తబడి ఉంటుంది, దాని మీద ఈ పలకలు మెల్లగా జరుగుతుంటాయి. మన దేశం ఉన్న పలక ఏడాదికి ఐదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యం వైపు పోతూ ఉంది. కాబట్టి ఎవరూ ఎవరినీ ఆక్రమించలేదు. అందరం కలిసే జరిగాం. ఆ నియమం తీసేస్తే సరిపోతుంది."

నియమం తీసేయడమన్న మాట విని హాల్లో ఇద్దరు ముగ్గురు అధికారులు ఇబ్బందిగా దగ్గారు.

"నియమం సంగతి ప్రభుత్వ పరిధిలోనిది," అన్నారు ఆనందవర్ధన్ గారు. "మన ముందున్న అంశము పలక. సదరు పలక ఎప్పటినుంచి కదులుచున్నది?"

"కోట్ల ఏళ్ళ నుంచి సార్."

"శాఖకు ముందస్తు సమాచారం ఇచ్చినదా?"

మస్తాన్‌వలి గారు చేతిలోని సుద్దముక్కను చూసుకున్నారు.

"ఇవ్వలేదని నమోదు చేయండి," అన్నారు ఆనందవర్ధన్ గారు గుమాస్తా వైపు తిరిగి. "రైతులు నిర్దోషులని నిపుణుల వాంగ్మూలం ద్వారా తేలినది. ఆక్రమణదారు పలక అని ప్రాథమికంగా రుజువైనది. కావున సదరు పలకకు పదిహేను రోజుల గడువుతో సంజాయిషీ నోటీసు జారీ చేయవలెను."

ఇంతకీ నోటీసు అందజేయడమెలా అన్నది పెద్ద చర్చే అయింది. అందుకోవలసినవారు చేతికి దొరకనప్పుడు వారు సాధారణంగా నివసించే చోట అంటించి, ఇద్దరు పంచాయతీదారుల సంతకాలతో పంచనామా రాయాలని నిబంధన ఉంది. పలక సాధారణంగా ఎక్కడ నివసిస్తుందని అడిగితే, "మన కాళ్ళ కిందే సార్," అన్నారు మస్తాన్‌వలి. అందరూ కాళ్ళు కాస్త ఎత్తి నేల చూశారు. మీద టైల్సు పరిచి ఉండటం వల్ల అక్కడ అంటించడం చెల్లదని తేలింది. పలక మట్టి చాటున దాక్కోకుండా బయటికి కనిపించే చోటు కావాలన్నారు. అలా నల్లగుండ్లపల్లె పక్కనున్న గుండురాళ్ళ పేరు వచ్చింది.

దస్తగిరయ్య మైదాపిండి జిగురు కలుపుకుని వెళ్ళి, ఏనుగంత గుండుకు నోటీసు అంటించాడు. ఇద్దరు గొర్రెలకాపరుల చేత పంచనామా మీద వేలిముద్రలు వేయించాడు. అతను బండి స్టార్టు చేసేలోపే ఒక మేక వచ్చి జిగురుతో సహా నోటీసు తినేసింది. భయపడుతూ తాసీల్దారుకు ఫోన్ చేస్తే ఆమె ఏ మాత్రం చలించలేదు.

"అంటించేంతవరకే మన బాధ్యత దస్తగిరయ్యా. తర్వాత ఏమైనా అందినట్టే లెక్క."

పదిహేను రోజులు గడిచాయి. విచారణ నాడు జిల్లా ఆఫీసు అటెండరు వరండాలోకి వచ్చి, "శిలావరణపు పలక హాజరు కావాలహో!" అని మూడుసార్లు పిలిచాడు. వరండాలో కూర్చున్న అర్జీదారులు లేచి దారి ఇచ్చారు. ఎవరూ రాలేదు. నోటీసు అందుకుని కూడా ఉద్దేశపూర్వకంగా గైర్హాజరైనందుకు ఏకపక్షంగా ఉత్తర్వు వెలువడింది. 'సదరు పలక ఈ ఉత్తర్వు అందిన తక్షణమే ఎట్టి కదలికలనైనను నిలుపుదల చేయవలెను.'

మస్తాన్‌వలి గారు ఊరుకోలేక లేచారు. "అది ఆగితే హిమాలయాలు పెరగడం ఆగిపోతుంది సార్."

"హిమాలయములు మన జిల్లా పరిధిలో లేవు," అన్నారు ఆనందవర్ధన్ గారు.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు కొలిచారు, ఆ మర్నాడూ కొలిచారు. ఒక్క ఖాతా కూడా పచ్చబడలేదు. ఈలోగా రైతులు కలెక్టరేటు ముందు గుడారం వేశారు. వాళ్ళను చల్లబరచడానికి శాఖవారు దయతలచి ఒక వెసులుబాటు తెచ్చారు. దాని పేరు 'నిశ్చల భూ ధ్రువపత్రం'. ఫలానా పొలం కదలలేదని సర్వేయరు స్వయంగా ధ్రువీకరిస్తే దాని ఖాతా ఆ రాత్రికే పచ్చబడుతుంది. కాకపోతే ఆ పొలంలో చెప్పుల్లేకుండా నిలబడి ఫొటో దిగాలి, ఇకపై ఆ భూమి కదిలితే పూర్తి బాధ్యత నాదేనని రాసివ్వాలి. జిల్లాలో ముప్పైనలుగురు సర్వేయర్లు ఉంటే, ముప్పైముగ్గురు ఆ వారమే నడుం నొప్పని సెలవు పెట్టారు.

సుంకులమ్మ మళ్ళీ వచ్చింది. కొంగులోంచి గుప్పెడు పిందెలు తీసి దస్తగిరయ్య బల్ల మీద పోసింది. నిమ్మకాయంత కూడా లేవు, అప్పటికే వడిలి గోధుమరంగుకు తిరిగాయి.

ఆ సాయంత్రం అతను నల్లగుండ్లపల్లె వెళ్ళాడు. చెట్ల ఆకులు దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి. సుంకులమ్మ అర కిలోమీటరు దూరం నుంచి బిందెలతో నీళ్ళు మోసి రోజుకు పది చెట్లకు పోస్తోంది. ఆరు రోజులకొకసారి గాని ఒక చెట్టు వంతు రాదు. పోసిన నీళ్ళు పాదులో పడీ పడకముందే ఇంకిపోతున్నాయి. మూడించుల నీళ్ళున్న బోరు పక్కనే మూతేసుకుని ఉంది. అది చూసేసరికి దస్తగిరయ్యకు తన ఉద్యోగం మీద తనకే రోత పుట్టింది.

రోవరును హద్దురాయి మీద నిలబెట్టి కొలిచాడు. ఐదు సెంటీమీటర్లు. యంత్రం ఆపేసి చెప్పులు విడిచాడు. సుంకులమ్మ చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి ఫొటో తీయమన్నాడు. తర్వాత గట్టు మీద కూర్చుని, కాగితంలో 'కదలిక' అన్న గడికి ఎదురుగా సున్న చుట్టి సంతకం పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో అతను రాసిన మొదటి తప్పు కొలత అది. రేపటినుంచి ఊళ్ళో మిగిలినవాళ్ళందరికీ కూడా ఇలాగే రాసిచ్చేద్దాం, వచ్చేది రానీ అనుకుంటూ ఇంటికి పోయాడు.

తెల్లారి పది గంటలకల్లా జిల్లా ఆఫీసులో కలకలం. గోడంత తెర మీద జిల్లా పటం, లక్షల పొలాలతో ఎర్రగా. నడుమ పచ్చగా ఒకే ఒక్క చుక్క.

"కదలని భూమి దొరికినది!" అన్నారు ఆనందవర్ధన్ గారు కుర్చీలోంచి లేచి. ఆయన గొంతు నిజంగానే గద్గదమైంది.

మధ్యాహ్నానికి ఐదు కార్లు దుమ్ము లేపుకుంటూ నల్లగుండ్లపల్లెకు వచ్చాయి. ఆనందవర్ధన్ గారు చెప్పులు విడిచి చీనీతోటలో అడుగుపెట్టారు. దస్తగిరయ్యను కౌగిలించుకున్నంత పని చేశారు. అప్పటికే ఆయన కారులోనే నోట్ తయారుచేసుకుని వచ్చారు. జిల్లాలో కదలని స్థలం ఒకటి ఉన్నది గనుక, ఇకమీదట అన్ని పొలాలనూ ఉపగ్రహం నుంచి గాక ఈ స్థిర బిందువు నుంచి కొలవాలి. వెంట వచ్చిన కుర్రాళ్ళు ల్యాప్‌టాప్‌లో అప్పటికప్పుడు లెక్క కట్టి చూశారు. కిందటేడు ఇక్కడికి ఎంత దూరంలో ఉన్న పొలాలు ఇప్పుడూ అంతే దూరంలో ఉన్నాయి. ఒక్కటీ జరగలేదు. చూస్తుండగానే మండలం పచ్చబడింది, జిల్లా పచ్చబడింది. చుట్టూ మూగిన ఊరి జనం చప్పట్లు కొట్టారు.

సుంకులమ్మ కూడా కొట్టింది. "అయితే ఇంక నాకు తీగ లాగుతారు గదా సారూ?"

"తప్పకుండా అమ్మా," అన్నారు ఆనందవర్ధన్ గారు. "ఈ స్థలమునకు ఇరవైనాలుగు గంటల విద్యుత్తు అవసరము. జాతీయ ప్రాధాన్యత దృష్ట్యా ఈ ఎకరాను శాఖ స్వాధీనం చేసుకొనుచున్నది. స్థిర బిందు స్తంభము, చుట్టూ కంచె, పచ్చిక. యంత్రమునకు ఆకాశము నిరాటంకముగా కనబడవలెను గాన చెట్లు తొలగించబడును. పరిహారం విషయమై కమిటీ వేయబడును."

ఆమెకు సగమే అర్థమైంది. చెట్లు అన్న మాట మాత్రం అర్థమైంది. తిరిగి దస్తగిరయ్య వైపు చూసింది.

దస్తగిరయ్యకు కాళ్ళ కింద నేల ఈసారి నిజంగానే కదిలినట్టయింది. ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"సార్, ఏ రాయి నుంచి కొలిచినా ఇదే లెక్క వస్తాది. అన్నీ కలిసే జరిగినాయి గదా. మేం ముప్పై ఏండ్లు అట్లే కొలిచినాం. మీ ఆఫీసు ముందర ఒక రాయి పాతుకోండి సార్, అక్కడినుంచి కొలుస్తాం. ఈ చెట్లు వదిలిపెట్టండి."

"ఆఫీసు స్థలము ఐదు సెంటీమీటర్లు కదిలినట్టు రికార్డు ఉన్నది," అన్నారు ఆనందవర్ధన్ గారు. "కదిలే రాయి నుంచి ఎట్లా కొలుస్తామయ్యా?"

"ఇది కూడా కదిలింది సార్," అన్నాడు దస్తగిరయ్య. "నేను తప్పు రాసినా. అయిదు సెంటీమీటర్లే వచ్చింది. ఆయమ్మ చెట్లు సచ్చిపోతాండాయని సున్న రాసినా. నన్ను సస్పెండు చెయ్యండి, ఉద్యోగం పీకెయ్యండి. కాగితం మాత్రం కొట్టెయ్యండి సార్."

ఊరి జనంలో చప్పట్లు ఆగిపోయాయి. కాగితం కొట్టేస్తే జిల్లా మొత్తం మళ్ళీ ఎర్రబడుతుందన్న సంగతి అందరికీ ఒక్కసారే తట్టింది. "ఏం మాట్లాడతాండావ్ దస్తగిరయ్యా, నోరు మూసుకో," అన్నారెవరో వెనకనుంచి. సుంకులమ్మ పక్కపొలం రైతు తల వంచుకున్నాడు.

ఆనందవర్ధన్ గారికి కోపం రాలేదు. దస్తగిరయ్య భుజం మీద చెయ్యి వేశారు. "పని ఒత్తిడి. నేను అర్థం చేసుకోగలను. సక్రమముగా సంతకం చేయబడి, ఫొటో జతపరచబడి, పై అధికారి ఆమోదం పొందిన భూమి తదుపరి కదులుటకు వీలులేదు."

నెల రోజులు అడిగినా రాని కరెంటు రెండు రోజుల్లో వచ్చింది. స్తంభాలు పాతారు, తీగ లాగారు, సుంకులమ్మ దించిన మోటారుకే కనెక్షన్ ఇచ్చారు. మూడో రోజు రంపాలు వచ్చాయి. అరవై చెట్లు కోయడానికి ఒక పూట కూడా పట్టలేదు. పదిహేను అడుగుల తెల్లటి స్తంభం లేచింది, దాని చుట్టూ ఎక్కడో పెంచిన గడ్డిని చాపల్లా చుట్టి తెచ్చి పరిచారు. నిర్వాసితులకు ఉపాధి కల్పించాలన్న నిబంధనను ఎవరో గుర్తుచేయడంతో, గడ్డికి నీళ్ళు పట్టే పనికి సుంకులమ్మనే దినకూలీగా పెట్టుకున్నారు. ప్రారంభోత్సవంలో దస్తగిరయ్యకు శాలువా కప్పారు. కప్పుతుంటే అతను నేల వైపే చూస్తున్నాడని ఫొటోగ్రాఫరు రెండుసార్లు కసురుకున్నాడు.

ఆ తర్వాత పది రోజులకు దస్తగిరయ్య అటు వెళ్ళాడు. కంచె బయట బండి ఆపి నిలబడ్డాడు. సుంకులమ్మ రబ్బరు పైపు పట్టుకుని గడ్డికి నీళ్ళు పెడుతోంది. మూడించుల ధార, తెల్లగా, జోరుగా వస్తోంది.

ఆమె అతన్ని చూసి కంచె దాకా వచ్చింది. పైపు చేతిలోనే ఉంది.

"సారూ, ఒక మాట అడుగుతా. ఈ భూమి నిజంగానే కదల్లేదా?"

"కదిలిందమ్మా. అందురి భూమి మాదిరే కదిలింది."

"నేనూ అదే అనుకున్న్యా," అంది సుంకులమ్మ. "అందురిదీ పోతా ఉంటే నాదొక్కటే ఎట్ల నిలబడతాది? నా కోసరం రాసినావు. నీ మింద నాకేం లేదు సారూ. ఈ నీళ్ళు ఒక నెల ముందర వచ్చింటే సాలు."

దస్తగిరయ్యకు క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది.

సుంకులమ్మ వెనక్కి తిరిగి నడిచింది. గడ్డి అంచున, కంచె వారగా, ఒక చీనీ మొద్దు తవ్వకుండా మిగిలిపోయింది. ఆమె పైపును దాని మీదికి తిప్పి పాదు నిండేదాకా నిలబడింది.

స్తంభం నీడలో కుర్చీ వేసుకున్న కాపలావాడు తలెత్తి చూశాడు. "అమ్మా, నీళ్ళు గడ్డికే పెట్టాల. సార్లు చూస్తే నా మిందికి వస్తాది."

సుంకులమ్మ పైపు మళ్ళీ గడ్డి మీదికి తిప్పింది.